వాల్‌బుర్గా కాలనీ మాజీ అధ్యక్షుడి పంపకాలు

రూర్ ప్రాంతంలోని వాల్‌బుర్గా గని కాలనీ, మూడో వీధిలో కాపురముంటున్న నేను, గోట్లీబ్ సొబోట్కా కొడుకు ఎమిల్ సొబోట్కాను, వయసు డెబ్బై ఏళ్లు, ఒకప్పుడు బొగ్గు కోతగాణ్ణి, 1947 నుంచి గని మూతపడిన రోజు దాకా దాని కార్మిక సంఘానికి అధ్యక్షుణ్ణి, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, నా సొంత దస్తూరీతో రాసి ఉంచుతున్న వీలునామా ఇది. తెలివి సంగతి డాక్టరుగారు పోయిన వారమే తేల్చారు. బొగ్గుదుమ్ము పట్టింది నా ఊపిరితిత్తులకే గాని బుర్రకు కాదన్నారు. పక్కనే ఉన్న నా భార్య ఫ్రీడా, "వాడని వస్తువుకు కదండీ దుమ్ము పట్టేది. బుర్రకెందుకు పట్టలేదో మళ్లీ ఓసారి చూడండి" అంది. డాక్టరుగారు మళ్లీ చూడలేదు. కాబట్టి మొదటి మాటే ఖాయం.

ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రద్దు చేయవలసింది ఏమీ లేదు.

ఒకటి. ఇల్లు. వీలునామా చేతికి రాగానే అందరి కళ్లూ ముందు ఇంటి కోసం వెతుకుతాయి కాబట్టి ముందే చెబుతున్నాను. నాకు ఇల్లు లేదు. నేను పుట్టి పెరిగి ఇప్పటికీ ఉంటున్న ఈ ఇల్లు కాలనీ నివాసుల సహకార సంఘానిది. ఇందులో జీవితాంతం ఉండే హక్కు ఆ సంఘం అధ్యక్షురాలు శ్రీమతి ఫ్రీడా సొబోట్కా పేర ఉంది. నేను ఆమె భర్తగా ఇక్కడ ఉంటున్నాను. అద్దె బకాయి లేదు. అది ఎలా జరిగిందో నా అల్లుడి వాటా దగ్గర రాస్తాను, ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవి.

రెండు. గని బ్యాండులో నేను ఊదిన పెద్ద ఇత్తడి బూరను కునో డోంబ్రోవ్‌స్కికి ఇస్తున్నాను. కునో, నేను పద్నాలుగేళ్ల వయసులో ఒకే రోజు గనిలో చేరాం. కదిలే పట్టా మీద వచ్చే బొగ్గులోంచి రాళ్లు ఏరడం మా మొదటి పని. 1933లో కొత్త సర్కారు సంఘాన్ని నిషేధించి మా నాన్నను జైల్లో పెట్టినప్పుడు నేల మీద ఎవరూ నోరు మెదపడానికి లేదు. నేల కింద అందరి ముఖాలూ నల్లగా ఒకేలా ఉండేవి, ఎవరేమన్నారో చెప్పడం కష్టం. అక్కడ కునో గొంతు తగ్గించిన రోజు లేదు. యుద్ధం ముగిసి సంఘం మళ్లీ పెట్టుకున్నప్పుడు అధ్యక్షుడిగా నా పేరు చెప్పింది అతనే. మర్నాటి నుంచి ప్రతి సభలోనూ నన్ను ఉతికి ఆరేసింది కూడా అతనే.

ఆ రోజుల్లో గనిలో సబ్బు ఉండేది కాదు. మసితోనే ఇంటికి వెళ్లి, మసితోనే పడుకునేవాళ్లం. పదిమందిని వెంటబెట్టుకుని, షిఫ్టు దిగీ దిగగానే డైరెక్టరుగారి గదికి వెళ్లాను. "దేశమంతటా కరువే సొబోట్కా, నేనేం చేయను" అన్నారాయన. "నిజమేనండి, మాకోసం ఇంత సమయం ఇచ్చారు, అదే పదివేలు" అని ఆయన చేయి నా రెండు చేతుల్లోకి తీసుకుని బాగా ఊపాను. నా వెనకవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి అంతే మర్యాదగా చేయి కలిపారు. డైరెక్టరుగారి తెల్ల చొక్కా మోచేయి దాకా మా రంగుకు వచ్చింది. ఆ వారంలోనే సబ్బు వచ్చింది. అందరూ నా భుజం తట్టారు. కునో మాత్రం, "తువ్వాళ్లు కూడా అడగాల్సింది" అన్నాడు. కలిసినప్పుడల్లా ఇప్పటికీ అదే అంటాడు.

బూర ఊదడానికి నాకిప్పుడు గాలి చాలదు. కునోకు గాలి కరువు ఏనాడూ లేదు. ఆదివారం మధ్యాహ్నం కునుకు వేళ ఊదకూడదన్న కాలనీ నియమం మాత్రం అతనికీ వర్తిస్తుంది.

మూడు. నా ఏకైక సంతానం రోస్వితకు, గనిలో పారేసిన చెక్కతో నేను చేసిన మంచుబండిని ఇస్తున్నాను. అది అటక మీద ఉంది. కింది ఇనుప బద్దలకు ఏటా కొవ్వు రాస్తూనే ఉన్నాను. మంచు పడితే కాలనీ పిల్లలంతా గని రాళ్లగుట్ట ఎక్కి జారేవాళ్లు. రోస్విత ముందు, నేను వెనక. అది బండి ఆగకూడదంటుంది, నేను బూటు మడమలు నేలకు అదిమి వేగం తగ్గించేవాణ్ణి. "నాన్నా, నువ్వు ఆపుతున్నావు. నాకు తెలుస్తోంది" అనేది వెనక్కి చూడకుండానే. నేను లేదనేవాణ్ణి. ఆ మడమల గీతలు మాత్రం గుట్ట కింద దాకా కనపడేవి.

ఆమె తల్లి ఇచ్చిన వస్తువుల జోలికి నేను పోవడం లేదు. అవి వాళ్లిద్దరి వ్యవహారం.

నాలుగు. నా అల్లుడు ఫోల్కర్ టెర్‌హోర్స్ట్‌కు వంటగదిలో పొయ్యి పక్కనున్న నా కుర్చీని ఇస్తున్నాను. పెళ్లయిన నాటి నుంచి అతను ప్రతి ఆదివారం తలుపు పక్క కుర్చీలో, చలిగాలి వీపుకు కొట్టే చోట కూర్చుని భోంచేస్తున్నాడు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎందుకో కాలనీలో పెద్దవాళ్లందరికీ తెలుసు. తర్వాతివాళ్ల కోసం రాస్తున్నాను.

1968లో గని మూసేశారు. ఇళ్లన్నీ కంపెనీవి. వాటిని కూల్చి ఆ స్థలంలో పదంతస్తుల భవనాలు కట్టాలని కంపెనీ తలపెట్టింది. మా వైపు నిలబడాల్సిన కార్మిక సంఘం జిల్లా కార్యదర్శి ఫెల్డ్‌కాంప్ కూడా వాళ్ల నమూనా బొమ్మ చంకన పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. "వేడి నీళ్లు, బాల్కనీ, అన్నీ ఉంటాయి సొబోట్కా. లిఫ్టు కూడా ఉంటుంది" అన్నాడు. "నలభై ఏళ్లు రోజూ లిఫ్టులో పాతాళానికి దిగాను. ఇప్పుడు పడుకోవడానికి కూడా లిఫ్టే ఎక్కమంటారా" అన్నాను. అందరూ నవ్వారు, అతను తప్ప. ఇళ్లను కాపాడుకోవడానికి కాలనీవాళ్లు ఒక కమిటీ పెట్టుకుని నన్నే అధ్యక్షుణ్ణి చేశారు. గని పోయినా నా పదవి పోలేదని ఫ్రీడా సణిగింది.

ఆ వసంతంలో కంపెనీ గృహవిభాగం నుంచి ఒక కుర్రాడు ఇళ్లు కొలవడానికి వచ్చాడు. అతనే ఫోల్కర్. ఎవరూ అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఫ్రీడా మాత్రం, "వాడి కడుపు మాడితే కంపెనీ కడుపు మాడదు" అని కూర్చోబెట్టి బంగాళాదుంప అట్లు, ఆపిల్ గుజ్జు పెట్టింది. తిన్నాక మా గోడ కొలవాలంటే టేపు రెండో కొస పట్టుకునేవాళ్లు కావాలి. మందుల దుకాణంలో పని ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చిన రోస్విత పట్టుకుంది. మా ఇల్లు అంత పెద్దదని నేనెరగను. కొలవడానికి ఎండాకాలమంతా పట్టింది.

కాలనీ అంతటికీ తెలిశాక చివరగా నాకు తెలిసింది. ఆ శరత్కాలంలో విట్‌కోవ్‌స్కి బీరుశాల హాల్లో కమిటీ సభ జరిగింది. కంపెనీతో ఎంత గట్టిగా తలపడాలన్నది ఆనాటి విషయం. నేను ఇంకో విడత మాటలు జరుపుదామన్నాను. కునో లేచాడు.

"మామా అల్లుడూ ఒకే కంచంలో తింటుంటే, మన ఇళ్లు ఎవరి కంచంలో పడతాయో ఎవరు చెప్పాలి ఎమిల్" అన్నాడు.

"అతను నాకింకా అల్లుడు కాలేదు" అన్నాను.

"నీకు తెలియడానికి టైం పడుతుందిలే" అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు.

హాలంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. అన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న నేనే అడిగాను. "నా మీద నమ్మకం లేనివాళ్లు చేతులెత్తండి" అన్నాను. కునో చేయి ముందు లేచింది, అది లెక్కలోది కాదు, అతను వాతావరణానికి కూడా వ్యతిరేకంగా ఓటేస్తాడు. తర్వాత ఒకటీ అరా. గెలిచాననుకున్నాను. అప్పుడు రెండో వరసలో ఇంకో చేయి లేచింది. ఫ్రీడాది. కాఫీ కోసం పిలుస్తోందనుకున్నాను. సూటిగా చూశాను. దించలేదు సరికదా మోచేయి ఇంకాస్త నిటారుగా పెట్టింది. అది చూసి, అప్పటిదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని తటపటాయిస్తున్నవాళ్లంతా ఎత్తారు. నేను ఓడిపోయాను.

ఇద్దరం ఇంటికి నడిచాం. గేటు దగ్గర ఆగి, "నువ్వు కూడానా" అన్నాను.

"నేను కాకపోతే ఇంకెవరు ఎత్తుతారు, వాళ్లకి మొహమాటం. పాతికేళ్లు నీ మాట విన్నాను ఎమిల్. నీ గొంతు నాకు తెలుసు. ఈ ఎండాకాలం నుంచి కంపెనీ అన్న మాట వచ్చినప్పుడల్లా నీ గొంతు సన్నబడుతోంది. పిల్ల ఎక్కడ నొచ్చుకుంటుందోనని నీ భయం. సగం గొంతుతో అరిచేవాణ్ణి ముందు నిలబెడితే అందరం రోడ్డున పడతాం. నువ్వు దాని తండ్రిగా ఉండు. ఇళ్ల సంగతి నేను చూసుకుంటా" అంది.

కోపంతో అన్నం మానేద్దామనుకున్నాను. కాని పొయ్యి మీద బఠానీ సూపు ఉంది.

తర్వాతి సభలో ఫ్రీడాను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. కునో ప్రతిపాదించాడు. ఆమె సభలకు తిరుగుతుంటే వంట నా మెడకు చుట్టుకుంది. అప్పటిదాకా నాకు వచ్చిన వంట రొట్టె కోయడం ఒక్కటే. ఒకనాడు ఫెల్డ్‌కాంప్ అధ్యక్షురాలిని మెత్తబరుద్దామని వచ్చాడు. ఆమె లేదు, వచ్చేదాకా కూర్చోమని నేను వండిన పప్పు పులుసు పెట్టాను. రెండు చెంచాలు తిని, వేరే పని గుర్తొచ్చిందని లేచాడు. మళ్లీ మా వీధిలో కనపడలేదు. ఆ పోరాటంలో నేను చేసిన సాయం అదొక్కటే.

ఐదు. పెరట్లో నేను పాతిన బట్టలారేసే ఇనుప స్తంభాలను, తీగెతో సహా, పక్కింటి సాదెత్ అయ్‌దెమిర్‌కు ఇస్తున్నాను. ఆమె భర్త నూరి పరదేశం నుంచి వచ్చి మా గనిలో చివరి ఏళ్లలో చేరినవాడు. సాదెత్ అప్పటికి మా భాష కూడబలుక్కుని మాట్లాడేది. చివరి వరసలో ఖాళీ చేయించిన ఇళ్లను కూల్చడానికి సోమవారం యంత్రం వస్తోందని తెలిసి ఆడవాళ్లంతా మా వంటగదిలో చేరారు. నేను కాఫీ కాస్తున్నాను. రోడ్డు మీద పడుకుందామని ఒకరు, పోలీసులు మోసుకుపోతారని ఒకరు. సాదెత్ చాలాసేపు విని అంది:

"ఫ్రీడా అక్కా. సోమవారం అందరం బట్టలు ఉతుకుతాం. అవునా? పెరట్లో కాదు. వీధిలో ఆరేద్దాం."

సోమవారం తెల్లారేసరికి ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి, వీధి పొడవునా తీగెలు. తెల్ల దుప్పట్లు, బల్లగుడ్డలు, నా పొడుగు లోదుస్తులు కూడా, వాటి సంగతి నన్నెవరూ అడగలేదు. యంత్రం వచ్చి మొదటి దుప్పటి ముందు ఆగింది. నడిపే కుర్రాడు తల బయట పెట్టి, "అమ్మా, ఇవి తీయాలి" అన్నాడు.

"తడిగా ఉన్నాయి నాయనా. ఆరాక తీస్తాం. నీ బండి పొగతో ఒక్క మరక పడిందా, నువ్వే ఉతకాలి" అంది ఫ్రీడా.

అతనికీ ఇంట్లో తల్లి ఉండి ఉంటుంది. బండి ఆపి దిగాడు. సాదెత్ రేగుపళ్ల మిఠాయి లాంటిదేదో పెట్టింది, ఫ్రీడా కేకు పెట్టింది. మర్నాడు కూడా బట్టలు ఆరలేదు. ఆ పై వారం వాన పడింది, అసలే ఆరలేదు. ఉతికినవే మళ్లీ ఉతికారు. పత్రికలవాళ్లు వచ్చి ఫోటోలు తీశారు. నా లోదుస్తులు జిల్లా అంతా చూసింది. అధ్యక్షుడిగా అన్నేళ్లలో నా ముఖం ఎప్పుడూ మొదటి పేజీకి ఎక్కలేదు.

ఆరు. నాలుగో అంశంలో అల్లుడికి కుర్చీ ఇచ్చి అతని కథ సగంలో వదిలాను. బట్టల ఫోటోల తర్వాత నగర సభ ఈ విషయం చర్చకు పెట్టింది. కంపెనీ తరఫున పెద్దలతో పాటు ఫోల్కర్ కూడా వెళ్లాడు. మేమంతా వెనక నిలబడ్డాం. ఇళ్లు శిథిలమయ్యాయని పెద్దలు చెప్పారు. సభ్యుల్లో ఒకావిడ, "కొలిచింది ఎవరు? ఆయన్నే చెప్పమనండి" అంది. ఫోల్కర్ లేచి టై సరిచేసుకున్నాడు. "గోడలు గట్టిగా ఉన్నాయండి. కప్పులు బాగు చేయాలి. కూల్చాల్సిన అవసరం నాకు కనపడలేదు" అని కూర్చున్నాడు. అతని పక్కవాళ్లు కొంచెం జరిగి కూర్చున్నారు.

నగర సభ కూల్చివేతకు అనుమతి ఇవ్వలేదు. ఏడాది గడిచాక కంపెనీ ఇళ్లన్నింటినీ, మా కమిటీయే పెట్టిన సహకార సంఘానికి అమ్మేసింది. ఒప్పందం మీద సంతకం ఫ్రీడాది. ఫోల్కర్‌ను మురుగు కాలవల విభాగానికి, నేలమాళిగ గదికి మార్చారు. నేను అతన్ని చూడ్డానికి అక్కడికి వెళ్లాను. నేల కిందికి దిగడం నాకేం కొత్త కాదు.

"ఆ మాట రోస్విత కోసం అన్నావా" అని అడిగాను.

"కాదండీ సొబోట్కా గారూ. గోడలు గట్టిగా ఉన్నాయి కాబట్టి అన్నాను. రోస్విత కోసమైతే అంతకు ముందే అనేవాణ్ణి" అన్నాడు.

ఆ జవాబు నాకు నచ్చింది. పిల్లనిచ్చాను. మంచి కుర్చీ ఇవ్వడానికి మాత్రం ఇదిగో, ఇప్పటికి మనసొచ్చింది. దానితో పాటు నా పార, క్యాబేజీ మళ్లు కూడా అతనివే. మొక్కల్ని టేపు పెట్టి కొలిచి నాటుతాడు. కాలనీవాళ్లు నవ్వుతారు గాని, కాపు నాకంటే బాగా వస్తుంది.

ఏడు. గోడకు వేలాడుతున్న ఇత్తడి పలకను కార్మిక సంఘం జిల్లా కార్యాలయానికి తిరిగి పంపవలసినది. దీర్ఘకాల సేవకు మెచ్చుకుంటూ ఇచ్చారు. నా పేరు తప్పు చెక్కారు. ఆ తప్పు పేరుగల మనిషి ఎక్కడైనా ఉంటే వెతికి అతనికి ఇవ్వమని మనవి.

ఎనిమిది. పైన చెప్పినవి పోను నా పేరనున్న సమస్తమూ, బ్యాంకులో ఉన్నదీ, అటక మీద ఉన్నదీ, జేబుల్లో దొరికేదీ, నా భార్య ఫ్రీడాకు సర్వహక్కులతో చెందవలసినది. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండరాదు.

ఇక్కడ ఒక మాట రాయాలి. నోటితో చెబితే ఆమె పొయ్యి వైపు తిరిగి గిన్నెలు చప్పుడు చేస్తుంది. రోస్విత పెళ్లి నాడు నేను ముందు వరసలో కూర్చున్నాను. మగపెళ్లివారి వైపు కంపెనీ మనుషులు కూడా కొందరు ఉన్నారు. ఏ పదవిలోనైనా ఉండి ఉంటే, ఎవరితో చేయి కలిపాను, ఎవరి పక్కన నిలబడ్డాను, రేపు కాలనీ ఏమనుకుంటుంది అని లెక్క వేసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ రోజు నేను ఎవరి ప్రతినిధినీ కాను. పెళ్లికూతురి తండ్రిని. ఇన్నేళ్లుగా నేను కూర్చున్న సభలన్నింటిలో హాయిగా కూర్చున్నది అదొక్కటే. ఎదిరి పక్షపు వియ్యంకురాలితో రెండు విడతలు నాట్యం కూడా చేశాను. ఫ్రీడా, ఆ సాయంత్రం నువ్వు నాకిచ్చిందే.

తొమ్మిది. అంత్యక్రియలు. బ్యాండు వాయించాలి, కాళ్లు కదిలే బాణీలే వాయించాలి. ఉపన్యాసం ఒకటి చాలు, అదీ నిలబడ్డవాళ్ల కాళ్లు లాగకముందే ముగియాలి. కాఫీ, కేకు సరిపడా ఉండాలి. తక్కువ పడితే చచ్చినవాణ్ణే తిడతారు. ఫ్రీడాకు ఇష్టం లేకపోతే నల్లబట్టలు కట్టనక్కర్లేదు. ఆకుపచ్చ కోటు ఆమెకు బాగుంటుంది.

ఈ పంపకాలు సక్రమంగా జరిపించే బాధ్యత కునో డోంబ్రోవ్‌స్కికి అప్పగిస్తున్నాను. బతికున్నప్పుడు నా ఒక్క తప్పు కూడా చూసీ చూడనట్టు వదలనివాడు, పోయాక మాత్రం వదులుతాడా.

పది. ఇంకా రాద్దును గాని, ఈ సాయంత్రం సహకార సంఘం సభ ఉంది. ఉపాధ్యక్ష పదవికి ఎన్నిక. ఓడిన తర్వాత మొదటిసారి నేను నిలబడుతున్నాను. నా మీద నిలబడింది కునో. చెరి సగం అంటున్నారు. ఎవరు గెలిచినా ఫ్రీడా కింద పనిచేయాలి, అందుకు ఇద్దరమూ సిద్ధమే. ఎవరికి వేస్తావని మధ్యాహ్నం ఫ్రీడాను అడిగాను. దుంపలు చెక్కు తీస్తూ తల ఎత్తకుండా అంది:

"చేతులెత్తడం వద్దు, చీటీల మీద రహస్యంగా వేద్దామని ఈ కాలనీకి నేర్పింది ఎవరు? మొగుళ్లు ప్రశాంతంగా నిద్రపోవాలని కదా అన్నావు. పడుకో మరి."

ఫలితం ఎలా వచ్చినా పై అంశాల్లో ఒక్క అక్షరం కూడా మారదు. అందుకే సభకు వెళ్లే ముందే సంతకం పెడుతున్నాను. ఇలా సొంత చేత్తో రాసినదానికి మా చట్టం సాక్షులను అడగదు. కాని ఇద్దరు పక్కన లేకుండా నేను జీవితంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

వాల్‌బుర్గా కాలనీ, 1984 అక్టోబరు 12, శుక్రవారం.

(సంతకం) ఎమిల్ సొబోట్కా

సాక్షులు:
నూరి అయ్‌దెమిర్, పక్కిల్లు
ఆగ్నెస్ విట్‌కోవ్‌స్కి, బీరుశాల యజమానురాలు